డబ్బా మీద రాసిన గంటలు, గోడలో నిలిచే గంటలు

ప్రశ్న: అయ్యా, మాది హైదరాబాదులో స్టిల్టు మీద పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడిని. ఈ ఏడాది అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత నా మీద పడింది. ఇటీవల చేయించిన ఫైర్ ఆడిట్ నివేదికలో ‘ఎలక్ట్రికల్ షాఫ్టులోని పెనెట్రేషన్లకు ఫైర్ స్టాపింగ్ లేదు, 120 నిమిషాల రేటింగ్‌తో మూయించాలి’ అని రాశారు. ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచాం. ఒకరు బీ1 అని ముద్ర ఉన్న ఫైర్‌ప్రూఫ్ ఫోమ్ కొడతామన్నారు. రెండోవారు నాలుగు గంటల సర్టిఫికెట్ ఉన్న సీలెంటు వాడతామన్నారు. మూడోవారు ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్న కాగితాలు జతచేసి, ‘ఎఫ్ 2 గంటలు, టీ పావుగంట’ అని రాసి, మొదటివారికి మూడు రెట్ల ధర చెప్పారు. మా మేస్త్రీ మాత్రం ఇది రెండు బస్తాల సిమెంటుతో తీరిపోయే పని అంటున్నాడు. ఫైర్‌ప్రూఫ్, ఫైర్ రిటార్డెంట్, ఫైర్ రెసిస్టెంట్ అనేవన్నీ ఒకటేనా? నాలుగు గంటలది దొరుకుతుండగా రెండు గంటలదానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? సభ్యులు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సమాధానం: ఎలక్ట్రికల్ షాఫ్టు అంటే కింది నుంచి పై అంతస్తు దాకా కేబుళ్లు నిలువునా వెళ్లే దారి. అవి స్లాబునో గోడనో దాటే కంతలను మంట, పొగ అవతలికి పోకుండా మూయడమే ఫైర్ స్టాపింగ్, అలా మూసినది ఫైర్ స్టాప్. మీకు వచ్చిన నాలుగు అభిప్రాయాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ముగ్గురు ఒక సరుకు గురించి చెబుతున్నారనీ, ఒక్కరే ఒక ఏర్పాటు గురించి చెబుతున్నారనీ తెలుస్తుంది. ఫోమ్, సీలెంటు, సిమెంటు మూడూ సరుకులు. మూడో కాంట్రాక్టరు జతచేసిన, మీకు కొరుకుడుపడని ఆ కాగితాలు మాత్రం, ఇంత మందం గల స్లాబులో, ఇంత వెడల్పు గల కంతలో, ఈ రకం కేబుళ్లు వెళ్తుండగా, ఇంత లోతున ఈ పదార్థం కూరితే ఏమవుతుందో కొలిమి మీద పెట్టి చూసిన ఫలితాన్ని చెబుతున్నాయి. అగ్నిని ఆపే నిమిషాలు ఎప్పుడూ ఆ మొత్తం ఏర్పాటుకు చెందుతాయి, అందులోని ఏ ఒక్క సరుకుకూ విడిగా చెందవు. బ్యాంకులో పనిచేసినవారు గనుక ఇలా చెబితే మీకు సులువుగా అందుతుంది: చెక్కు మీద ఎంత అంకె వేసినా, చెల్లేది ఖాతాలో ఉన్నంత వరకే.

ముందు మాటల సంగతి చూద్దాం. ‘ఫైర్‌ప్రూఫ్’ అనేది ఇప్పుడు ప్రధానంగా అమ్మకందారుల మాట. ఎంత వేడికైనా, ఎంతసేపైనా చెక్కుచెదరని కట్టడమంటూ ఏదీ లేదు కనుక, ఉక్కు దూలాలకు పూసే పూతల విషయంలో పాత అలవాటుగా మిగిలిన వాడుకను మినహాయిస్తే, ప్రమాణాలు రాసేవారు ఆ మాటను చాలావరకు దూరం పెట్టారు. ‘ఫైర్ రిటార్డెంట్’ అంటే తొందరగా అంటుకోనిది, అంటుకున్నా మంటను వేగంగా పాకనివ్వనిది. మన ఇళ్లకు కొనే వైరు చుట్టల మీద కనిపించే ‘ఎఫ్‌ఆర్’, ‘ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్’ అనే అక్షరాలు ఈ కోవలోవే. మొదటిది తొడుగు వెంట మంట పాకదని, రెండోది దానితోపాటు తక్కువ పొగ వదులుతుందని చెబుతాయి. అయితే పక్కన పెద్ద మంట ఆగకుండా మండుతుంటే ఆ తొడుగూ కాలిపోతుంది. అది ఇన్ని నిమిషాలు నిలుస్తుందన్న హామీ ఆ అక్షరాలలో లేదు.

మీ మొదటి కాంట్రాక్టరు చూపించిన బీ1 ముద్ర కూడా ఇదే జాతిది. అది జర్మనీ వారి డిన్ 4102 ప్రమాణంలోని పదార్థాల తరగతి. ఆ వర్గీకరణలో ఏ అక్షరంతో మొదలయ్యేవి మండని పదార్థాలు, బీ అక్షరంతో మొదలయ్యేవి మండే పదార్థాలు. మండేవాటిలో తొందరగా అంటుకోనిది బీ1, మామూలుగా అంటుకునేది బీ2, ఇట్టే అంటుకునేది బీ3. అంటే ఫైర్‌ప్రూఫ్ అని మీకు చూపించిన ముద్రలోని మొదటి అక్షరమే అది మండుతుందని ఒప్పుకుంటోంది. కాంట్రాక్టరు మోసం చేస్తున్నాడని నేను అనను. ఫైర్ ఫోమ్ పేరుతో గులాబీ రంగులో వచ్చే ఫోమ్ అగ్ని నుంచి కాపాడుతుందని ఆయన కూడా నిజంగానే నమ్మి ఉండవచ్చు. కొన్ని రకాల ఫోములకు సన్నని, నిటారైన గోడ సందులలో, నిర్ణీత లోతు వరకు నింపినప్పుడు మంచి పరీక్షా ఫలితాలు ఉన్నాయి కూడా. కానీ ఆ ఫలితం ఆ సందుకే. స్లాబులో కేబుళ్ల గుత్తి చుట్టూ కొట్టిన ఫోముకు అది వర్తించదు.

ఇక ‘ఫైర్ రెసిస్టెన్స్’, తెలుగులో అగ్ని నిరోధకత. ఇది పదార్థపు గుణం కాదు, గోడ, స్లాబు, తలుపు, మూసిన కంత వంటి ఒక నిర్మాణ భాగపు గుణం. దీన్ని కాలంతో కొలుస్తారు. ఆ భాగాన్ని నిజమైన కొలతలలో కట్టి, ఒక పక్క కొలిమి పెట్టి, ఐఎస్‌ఓ 834 వంటి ప్రమాణం చెప్పిన గీత వెంట వేడిని పెంచుకుంటూ పోతారు. అరగంటకు కొలిమి లోపల సుమారు 842 డిగ్రీల సెల్సియస్, గంటకు 945, రెండు గంటలకు 1049 డిగ్రీలు ఉంటుంది. అలా కాలుస్తూ మూడు సంగతులు చూస్తారు. బరువు మోసే భాగమైతే అది కూలకుండా నిలిచిందా? బీటల గుండా, సందుల గుండా మంటగానీ వేడి వాయువులుగానీ అవతలికి వచ్చాయా? అవతలి ముఖం ఎంత వేడెక్కింది? ఐరోపా ప్రమాణాలు ఈ మూడింటికీ వరుసగా ఆర్, ఈ, ఐ అనే అక్షరాలు ఇచ్చాయి. రెండో పరీక్షకు అవతలి పక్క దూదిమెత్తను దగ్గరగా పట్టి అది అంటుకుంటుందేమో చూస్తారు. మూడోదానికి అవతలి ముఖం వేడి సగటున 140 డిగ్రీలకు మించి, లేదా ఏ ఒక్క చోటైనా 180 డిగ్రీలకు మించి పెరగకూడదని హద్దు. గోడ అంతకు మించి వేడెక్కుతూ పోతే దానికి ఆనించిన సామాను మంట తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఆ హద్దు. ఫైర్ స్టాప్ బరువు మోయదు కనుక దానికి ఆర్ అక్షరం ఉండదు. ‘ఈఐ 120’ అని కనిపిస్తే మంటనూ వేడినీ రెంటినీ 120 నిమిషాలు ఆపిందని అర్థం. వట్టి ‘ఈ 120’ అని ఉంటే మంటను మాత్రమే ఆపిందని, అవతలి పక్క వేడి గురించి ఏ హామీ లేదని అర్థం. ఒక్క అక్షరం లోపించడంతో ధర సగానికి పడిపోయిన సందర్భాలు ఉంటాయి, కనుక కొటేషన్‌లో అక్షరాలు లెక్కపెట్టుకోండి.

ఇక్కడ సభ్యులకు ఒక మాట స్పష్టంగా చెప్పండి. ఆ 120 నిమిషాలు కొలిమి గడియారంలోనివి. అసలు అగ్నిప్రమాదం ఆ గీత ప్రకారం నడవదు. గదిలో ఉన్న సామానును బట్టి, కిటికీలలోంచి వచ్చే గాలిని బట్టి ముందో వెనకో అవుతుంది. ఒక ఏర్పాటును మరొక ఏర్పాటుతో పోల్చడానికి ఉపయోగపడే కొలమానంగా దాన్ని చూడాలి గానీ, రెండు గంటల పాటు నిశ్చింతగా ఇంట్లో కూర్చోవచ్చన్న భరోసాగా చూడకూడదు.

‘మాది కాంక్రీటు స్లాబు కదా, మంట పైకి ఎలా వస్తుంది’ అని మీ సభ్యులలో ఒకరైనా అడుగుతారు. ప్రశ్న సబబైనదే. కాంక్రీటు నిర్మాణాలకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం రెండు గంటల అగ్ని నిరోధకతకు స్లాబు మందం కనీసం 125 మిల్లీమీటర్లు ఉండాలి. దాంతోపాటు లోపలి కడ్డీలకు కప్పుగా ఉండే కాంక్రీటు, స్లాబు ఒక్క గది మీద ఆగితే 35, వరుసగా సాగిపోతే 25 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ కొలతలు మీ స్లాబుకు ఉన్నాయనుకుందాం. కానీ షాఫ్టు దగ్గర ఆ స్లాబుకు అడుగున్నర పొడవు కంత పెట్టి, అందులోంచి కేబుల్ ట్రే పైకి పంపి, మిగిలిన ఖాళీని అలాగే వదిలేశారు. ఆ చోట మీ స్లాబు మందం సున్నా, దాని నిరోధకత కూడా సున్నా. పైగా స్టిల్టు నుంచి టెర్రసు దాకా అలాంటి కంతలు ఒకదాని మీద ఒకటి వరుసగా ఉన్నప్పుడు, ఆ షాఫ్టు పాతకాలపు వంటింటి పొగగొట్టం చేసే పనే చేస్తుంది. కింద వేడెక్కిన గాలి పైకి లాగబడుతుంది, ఆ లాగుడుతో పొగ పై అంతస్తుల తలుపుల కిందికి చేరుతుంది.

ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ పొగే. 1980 నవంబరు 21న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ అనే ఇరవై ఆరు అంతస్తుల హోటల్లో మంట నేల అంతస్తులోనే చెలరేగి అక్కడికే చాలామేరకు పరిమితమైంది. కానీ చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది మంటను కళ్లతో చూడని పై అంతస్తులవారు. లిఫ్టు షాఫ్టులు, మెట్లు, భూకంపాల కోసం భవనంలో వదిలిన సందులు పొగకు దారులయ్యాయి. అంత దూరం పోనక్కరలేదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూమూ పైన లాడ్జీ ఉన్న భవనంలో 8 మంది, 2023 మార్చి 16న అక్కడే స్వప్నలోక్ కాంప్లెక్సులో 6 మంది మరణించారు. రెండు చోట్లా ప్రధానంగా ప్రాణాలు తీసింది పొగే. ఇప్పుడు మీ స్టిల్టులో కూడా స్కూటర్లు చార్జింగుకు పెడుతున్నారనుకుంటాను.

ఇప్పుడు నివేదికలోని పదాలకు వద్దాం. గోడనో స్లాబునో చీల్చుకుని పోయే పైపు, కేబుల్, డక్టు వంటిదేదైనా అలా దాటిన చోటును ‘పెనెట్రేషన్’ అంటారు. ఆ పైపుకూ కంత అంచుకూ మధ్య మిగిలే ఖాళీ ‘యాన్యులర్ స్పేస్’. పైపు కంత మధ్యలో ఉండకపోతే ఒక పక్క ఈ ఖాళీ పూర్తిగా మాయమై, మరో పక్క రెట్టింపవుతుంది. పరీక్షా కాగితాలలో ఖాళీ ‘కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత’ అని రాసేది ఇందుకే. రెండు నిర్మాణ భాగాలు కలిసే చోట, అంటే గోడ పైఅంచుకూ స్లాబు అడుగుకూ మధ్యనో, రెండు బ్లాకుల నడుమనో వదిలిన పొడవాటి సందు ‘జాయింటు’. అది ఎండకూ బరువుకూ కదులుతుంది కనుక దానికి సాగే పదార్థం, వేరే పరీక్ష కావాలి. ముందుచూపుతో పెట్టి ఏమీ వేయకుండా వదిలేసిన కంత ‘బ్లాంక్ ఓపెనింగ్’. మీ షాఫ్టులో ఇవి కూడా ఉంటాయి, ఆడిట్ లెక్కలో ఇవి తప్పిపోతుంటాయి. అమెరికా ఇళ్ల కాగితాలలో ఎక్కడైనా ‘ఫైర్ బ్లాకింగ్’ అనే మాట కనిపిస్తే దాన్ని దీనితో కలపకండి. అది చెక్క చట్రపు గోడల లోపలి బోలు ఖాళీలలో మంట పాకకుండా అడ్డంగా చెక్కముక్కలూ జిప్సం పలకలూ పెట్టే పద్ధతి, మన కాంక్రీటు కట్టడాలతో దానికి పనిలేదు.

మీ మేస్త్రీ మాటను నేను కొట్టిపారేయను, అందులో సగం నిజం ఉంది. సిమెంటు, ఇసుక మండవు. కాంక్రీటు స్లాబులో ఒక ఇనుప పైపు చుట్టూ ఖాళీని స్లాబు పూర్తి మందానికీ గట్టిగా నింపితే అది చాలాసేపు మంటను ఆపగలదు. చిక్కు మిగతా సగంలో ఉంది. పీవీసీ పైపు 80 డిగ్రీల చుట్టుపక్కలకే మెత్తబడుతుంది. మంట తగిలిన కాసేపటికి కరిగి జారిపోతుంది. చుట్టూ ఉన్న సిమెంటు అలాగే నిలిచి, పైపు ఉన్న చోట నున్నటి గుండ్రని కంత తెరుచుకుంటుంది. కేబుళ్ల విషయంలో కూడా అంతే, తొడుగులు కాలి కుంచించుకుపోయాక వాటి మధ్య సందులు పొగకు దారులవుతాయి. దానికి తోడు, వచ్చే నెల ఇంటర్నెట్ కుర్రాడు కొత్త వైరు లాగడానికి వచ్చి ఆ సిమెంటును సుత్తితో పగలగొట్టి వెళ్తాడు, ఆ చిల్లును మళ్లీ ఎవరూ పూడ్చరు. మేస్త్రీలు సిమెంటు ఆదా చేసే తీరు ఇంకొకటి ఉంది. ఒక కార్యాలయంలో ఫాల్స్ సీలింగు పలక జరిపి నిచ్చెన మీద నుంచి చూసినప్పుడు, చక్కగా పూత వేసిన ఒక కంత కనబడింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అంగుళం పూత వెనక కుక్కిన ఖాళీ సిమెంటు సంచులు బయటికి వచ్చాయి. అవి కాగితం సంచులు కూడా కావు, ప్లాస్టిక్‌వి.

ఈ పనికోసమే తయారైన పదార్థాలు పై చిక్కులను ఒక్కొక్కటీ ఒక్కో విధంగా తీరుస్తాయి. వీటిలో ముఖ్యమైనవి వేడి తగిలితే ఉబ్బేవి, ఇంగ్లీషులో ‘ఇంట్యుమెసెంట్’ అంటారు. పాలు పొంగినట్టు పొంగి, కరిగిన తొడుగు వదిలిన ఖాళీని బొగ్గులాంటి గట్టి నురగతో నింపుతాయి. పీవీసీ పైపు చుట్టూ బిగించే ఇనుప ‘కాలర్’ లోపల ఈ పదార్థమే ఉంటుంది. అది ఉబ్బుతూ మెత్తబడిన పైపును నొక్కి నులిమి మూసేస్తుంది. పెద్ద కంతలకు రాతి ఉన్ని పలకలు వాడతారు, బజారులో వీటిని రాక్‌వూల్ అంటారు. ఇది వెయ్యి డిగ్రీలకు కూడా కరగదు. చూడటానికి అలాగే ఉండే గాజు ఉన్ని అంతకన్నా చాలా తక్కువ వేడికే మెత్తబడి కుంగిపోతుంది. ఏసీ పనివారి దగ్గర మిగిలిన గాజు ఉన్నిని కుక్కి రాక్‌వూల్ అని బిల్లు వేయడం వింత కాదు కనుక, సరుకు వచ్చినప్పుడు సంచి మీది పేరు చదవండి. మాటిమాటికీ కేబుళ్లు మారే చోట ఉబ్బే పదార్థం నింపిన చిన్న దిండ్ల వంటివీ, మైదాముద్దలా తీసి పెట్టగలిగే పుట్టీలూ ఉంటాయి. ఎలక్ట్రికల్ షాఫ్టుకు నా మొగ్గు వీటివైపే, ఎందుకో పైన ఇంటర్నెట్ కుర్రాడి మాటలో వచ్చింది.

ఫోమ్ గురించి నాకున్న జంకుకు ఒక పాత కథ కారణం. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో, కంట్రోల్ రూము కిందనున్న కేబుళ్ల గదికీ రియాక్టరు భవనానికీ నడుమ గోడలోని కేబుల్ కంతలను పనివారు పాలీయురిథేన్ ఫోముతో మూస్తున్నారు. ఎక్కడైనా గాలి కారుతోందా అని చూడటానికి వాళ్లు ఎంచుకున్న సాధనం వెలుగుతున్న కొవ్వొత్తి. గాలి ఉన్న చోట దీపం వంగుతుంది కదా! రియాక్టరు భవనంలో గాలి పీడనం తక్కువగా ఉండటంతో దీపం వంగడమే కాదు, కంతలోకి లాగబడి ఫోమును అంటించింది. మంట గోడ అవతలికి పోయి సుమారు ఏడు గంటలు కాలింది. పదహారు వందలకు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఒకటో రియాక్టరుకు అత్యవసరంగా చల్లదనం అందించే ఏర్పాట్లు పనిచేయకుండా పోయాయి. కరెంటు కేబుళ్ల మీద నీళ్లు చల్లాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడి, చివరికి నీళ్లు కొట్టాక మంట త్వరగానే ఆరింది. మంటను ఆపడానికి పెట్టిన పదార్థమే మంటకు వత్తి అయిన సంఘటన ఇది. మూసిన కంతలను విడిగా కొలిమి పరీక్షకు పెట్టాలన్న పట్టుదల దీని తర్వాత బలపడింది. అమెరికాలో ఆ పరీక్షకు ప్రత్యేకంగా రాసిన ఏఎస్‌టీఎం ఈ814 ప్రమాణం 1981లో వెలువడింది.

మూడో కాంట్రాక్టరు రాసిన ఎఫ్, టీ అక్షరాలు ఆ ప్రమాణంలోవే. మంట అవతలికి రాకుండా ఆగిన కాలం ఎఫ్. దీనికి కాల్చడంతోపాటు, కాల్చాక గొట్టంతో నీళ్లు బలంగా కొట్టినా ఊడిరాకూడదన్న షరతు ఉంది. అవతలి పక్క పైపు మీదగానీ, కేబుల్ మీదగానీ, నింపిన పదార్థం మీదగానీ వేడి 181 డిగ్రీల మేర పెరగడానికి పట్టిన కాలం టీ. రాగి, ఇనుము వేడిని తమ వెంట మోసుకుపోతాయి కనుక, కంత ఎంత చక్కగా మూసినా అవతలికి పొడుచుకొచ్చిన లోహం త్వరగానే వేడెక్కుతుంది. అందువల్ల ఎఫ్ రెండు గంటలు ఉండి టీ పావుగంటో సున్నాయో ఉండటం దొంగలెక్క కాదు, నిజాయితీ గల లెక్క. మీ షాఫ్టులో ఆ కేబుళ్లకు ఆనుకుని మండే సామాను లేకుండా చూసుకుంటే చాలు. చీపుళ్లు, ఖాళీ అట్టపెట్టెలు, దీపావళికి మిగిలిన సీరియల్ సెట్లు షాఫ్టు తలుపు వెనక దాచే అలవాటు మీ భవనంలో ఉంటే ఈ వారమే మానిపించండి. మూడో అక్షరం ఒకటుంది, ఎల్. గాలి ఎంత కారుతుందో అది చెబుతుంది. గది వేడిమి వద్ద ఒకసారి, 204 డిగ్రీల వద్ద ఒకసారి కొలుస్తారు. ఉబ్బే పదార్థాలు ఉబ్బడానికి సుమారు 200 డిగ్రీలు కావాలి. దూరాన ఉన్న మంట నుంచి చల్లారి వచ్చే పొగకు అంత వేడి ఉండదు, కనుక ముందే సందు లేకుండా మూసి ఉంటేనే ఆ పొగ ఆగుతుంది. నివేదికలో ఈ అక్షరం అడగలేదు గానీ, నివాస భవనానికి నా దృష్టిలో టీ కన్నా ఎల్ ముఖ్యం.

ఆ కాగితాల తలకట్టున ఉన్న సంఖ్య అమెరికా పరీక్షా సంస్థ అండర్‌రైటర్స్ లేబొరేటరీస్, అంటే యూఎల్ వారి పద్ధతి అయితే, దాన్ని ఎవరైనా చదవగలరు. ఇందులోని ఎఫ్, ఎల్ పైన చెప్పిన రేటింగు అక్షరాలు కావు. మొదటి అక్షరం ఎఫ్ అయితే అంతస్తు, డబ్ల్యూ అయితే గోడ, సి అయితే రెండూ. తర్వాతి అక్షరాలలో ఏ అంటే కనీస మందం 5 అంగుళాలు లేదా అంతకు తక్కువ ఉన్న కాంక్రీటు అంతస్తు, జె అంటే 8 అంగుళాల లోపు కాంక్రీటు లేదా ఇటుక గోడ, ఎల్ అంటే చట్రానికి పలకలు కొట్టిన గోడ. ఆ వెనక నాలుగంకెల సంఖ్య 1తో మొదలైతే లోహపు పైపు, 2 అయితే ప్లాస్టిక్ పైపు, 3 అయితే కేబుళ్లు, 4 అయితే కేబుళ్లున్న ట్రే, 8 అయితే ఇవన్నీ కలగలిసినవి, సున్నా అయితే వట్టి కంత. కాబట్టి మీ షాఫ్టుకు సి-ఏజె లేదా ఎఫ్-ఏ వంటి అక్షరాల తర్వాత 3 లేదా 4తో మొదలయ్యే సంఖ్య ఉండాలి. కేబుళ్ల షాఫ్టుకు 2తో మొదలయ్యే ప్లాస్టిక్ పైపు కాగితం జతచేసి, ‘యూఎల్ సర్టిఫికెట్ ఉందండీ’ అన్న కొటేషన్ ఒకటి నా చేతికి వచ్చింది. సర్టిఫికెట్ నిజమైనదే, కంతే వేరు.

రెండో కాంట్రాక్టరు చెప్పిన నాలుగు గంటల సంగతి ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఆ సీలెంటు ఏదో ఒక పరీక్షలో, బహుశా మందమైన కాంక్రీటులో, చిన్న లోహపు పైపు చుట్టూ, సన్నని ఖాళీలో నాలుగు గంటలు నిలిచి ఉంటుంది. అదే సీలెంటు మీ అడుగున్నర కంతలో, ట్రే చుట్టూ, వెనక రాతి ఉన్ని దన్ను లేకుండా పూస్తే పావుగంటైనా నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆయనను ఒకే మాట అడగండి: ‘మా స్లాబు మందానికి, మా కంత కొలతకు, మా ట్రేకు సరిపోయే పరీక్షా పత్రం చూపించండి.’ సరిగ్గా సరిపోయేది లేకపోతే, ఆ సరుకు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు దగ్గరి పరీక్షలను ఆధారం చేసుకుని మీ చోటుకే రాసి, సంతకం చేసి ఇచ్చే పత్రం ఒకటుంటుంది, దాన్ని ‘ఇంజనీరింగ్ జడ్జ్‌మెంట్’ అంటారు. అది కూడా అంగీకరించదగ్గదే. కాంట్రాక్టరు తన లెటర్‌హెడ్ మీద తానే రాసుకున్నది మాత్రం కాదు.

మన దేశపు నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించినది. దాని ప్రకారం సర్వీసు షాఫ్టుల గోడలకు రెండు గంటల నిరోధకత ఉండాలి. విద్యుత్ కేబుళ్ల షాఫ్టును ప్రతి అంతస్తులోనూ ఆ అంతస్తుకున్నంత నిరోధకతతో ఫైర్ స్టాప్ చేయాలి. 2005 నాటి కోడ్‌లో ఒక అంతస్తు విడిచి ఒక అంతస్తు మూస్తే సరిపోయేది. మీ బిల్డరు ఏడు చోట్ల మాత్రమే మూశానని వాదిస్తే ఆయన ఏ పుస్తకం చూస్తున్నాడో ఊహించవచ్చు. ఫైర్ స్టాపుల పరీక్షకు మనకు సొంత ప్రమాణం ఐఎస్ 12458 కూడా 1988 నుంచే ఉంది, కనుక విదేశీ కాగితాలే కావాలని పట్టుబట్టనక్కరలేదు. మీ కంతకు సరిపోయే ఏ ప్రమాణపు ఫలితమైనా పనికొస్తుంది.

నా సలహా మూడో కొటేషన్‌కే, కొన్ని షరతులతో. ప్రతి కంతకూ ఒక సంఖ్య వేసి, మూయకముందు ఒక ఫొటో, మూశాక ఒక ఫొటో తీయించండి. పక్కన వాడిన ఏర్పాటు సంఖ్య, తేదీ, చేసినవారి పేరు ఉన్న చీటీ అంటించమనండి. ఇవన్నీ ఒక రిజిస్టరులో ఎక్కించండి, లెడ్జరు రాసిన చేతికి ఇది కష్టం కాదు. చివరి వాయిదా చెల్లించే ముందు కొన్నిటిని కోసి చూసే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. తనిఖీకి ఉద్దేశించిన ఏఎస్‌టీఎం ఈ2174 ప్రమాణం, పని జరుగుతుండగా ఒక్కో రకంలో కనీసం పది శాతం దగ్గరుండి చూడటమో, అయ్యాక కనీసం రెండు శాతం కోసి లోతూ లోపలి పదార్థమూ చూడటమో చేయమంటుంది. మీ పద్నాలుగు అంతస్తులకు రెండు శాతమంటే ఒకటీ అరా మాత్రమే వస్తుంది, నేనైతే మూడు కోయిస్తాను, ఏవి కోస్తానో ముందుగా చెప్పను. ఆ తర్వాత షాఫ్టు తలుపులకు తాళం వేయించి, కేబుల్ టీవీవారైనా ఇంటర్నెట్‌వారైనా తాళంచెవి కోసం ఆఫీసుకు వచ్చి, రిజిస్టరులో సంతకం చేసి, తీసిన కంతను తిరిగి మూశాకే బయలుదేరేలా చూడండి. బాత్రూము పైపులు పోయే డక్టులు మీ భవనంలో ఆకాశానికి తెరుచుకుని ఉంటే, అక్కడ అంతస్తులవారీగా మూసే పని లేదు, ఇంటి గోడను దాటే చోట మూస్తే చాలు. అది రెండో విడతలో చేసుకోవచ్చు.

పని మొదలుపెట్టేది మాత్రం స్టిల్టు నుంచే. మీటర్ల ప్యానెల్ ఉన్న గదిలోంచి కేబుళ్లు షాఫ్టులోకి ఎక్కే కంత అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. కరెంటు పనివాడిని వెంటబెట్టుకుని వెళ్లి, దేన్నీ ముట్టకుండా ఆ కంత దగ్గర నిలబడి టార్చి పైకి వేయండి. మీతోపాటు అంతస్తుకొకరు చొప్పున షాఫ్టు తలుపు తీసి చూస్తే మీ టార్చి వెలుగు ఎన్నో అంతస్తు దాకా చేరిందో తెలుస్తుంది. ఆ అంతస్తుల సంఖ్యను కొటేషన్‌లో మూస్తామని రాసిన కంతల సంఖ్యతో పోల్చి చూసి, ఆ తర్వాతే సంతకం చేయండి.